చెవిలో మాట

కమిటీ పెద్దాయన మైకు పట్టుకున్నాడంటే ఇక మైకే అలిసిపోవాలి గానీ ఆయన అలిసిపోడని స్కూల్లో అందరికీ తెలుసు. అందుకే ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీలో కాస్త వెనక్కి జరిగి, ఒళ్ళో కాగితం సర్దుకుని, స్టేజి మీదికని దాచుకునే చిరునవ్వొకటి తీసి మొహానికి పెట్టుకుని కూర్చుంది, ఇంకో అరగంటైనా పడుతుంది, పట్టనీ, ఎంత ఆలస్యమైతే అంత మంచిది, ఆయన ఇవాళ స్కూలు పునాది తవ్విన రోజు దగ్గర మొదలుపెట్టాడు కాబట్టి పై అంతస్తు దాకా రావడానికి చాలా టైముంది, ఈలోపు తను ఒక మాట వెతుక్కోవాలి, ఒకే ఒక్క మాట, ఎనభై మూడు దొరికాయి గానీ ఎనభై నాలుగోది దొరకడం లేదు. ముందున్న బల్ల మీద కాండక్ట్ సర్టిఫికెట్లు నీలం రిబ్బనుతో కట్టి ఉన్నాయి. ఆఖరి తరగతి పిల్లలు స్కూలు వదిలివెళ్ళే రోజున వాటిని ఒక్కొక్కరికీ తన చేత్తో ఇవ్వడం, ఇస్తూ దగ్గరికి తీసుకుని చెవిలో ఒక మాట చెప్పడం ఆవిడ పెట్టిన పద్ధతి, పదకొండేళ్ళ నుంచీ సాగుతోంది. ఆ మాట ఎవరికి వాళ్ళకే, బయటికి చెప్పకూడదు. నువ్వు లెక్కల్లో మొద్దువి కాదురా, తొందరమనిషివి అని ఒకడికి. పాడటం మానకు అని ఒకమ్మాయికి. మీ అమ్మ అంత కోపిష్టి మనిషేం కాదు, ఈసారి నువ్వే ముందు మాట్లాడు అని ఇంకొకడికి, వాడు స్టేజి దిగుతూ మెట్టు తప్పాడు పాపం. ఈ మాటల కోసం ఆవిడ ప్రతి ఏడూ ఆఖరి నెలంతా ఒక చిన్న పుస్తకం పట్టుకు తిరుగుతుంది. ఆ పుస్తకంలో ఈసారి నలభై ఒకటో పేరు పక్కన ఖాళీగా ఉంది. నెల రోజులుగా ఖాళీగానే ఉంది.

నలభై ఒకటో పేరు అక్కడే కూర్చుంది. జేబుకి ఎప్పుడూ రెండు పెన్నులు పెట్టుకుని తిరుగుతుంది కాబట్టి స్టాఫ్ రూములో అందరూ రెండు పెన్నుల పిల్ల అంటారు, ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉండాలి కదండీ అని ఆరో తరగతిలో ఎవరో అడిగితే చెప్పిందట. ఇవాళ కూడా రెండూ ఉన్నాయి. ఇవాళ రాసేదేముందని, అలవాటు కాబోలు. ఎడమ నుంచి రెండో వరస, ముందు నుంచి నాలుగో కుర్చీ. ప్రిన్సిపాల్ మేడమ్ లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది, లెక్కపెట్టాక గుర్తొచ్చింది, ఎడమ అంటే తన ఎడమ, ఆ అమ్మాయికి అది కుడి, అది గుర్తొచ్చేసరికి మెడ దగ్గర్నించి చెవుల దాకా వేడెక్కింది. నీళ్ళ గ్లాసు అందుకుంది. గ్లాసు మీద మూత అలాగే ఉంది, మూతతోనే నోటి దాకా తీసుకెళ్ళింది, ముందు వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. నవ్వితే నవ్వండి నాయనా, నవ్వదగిన మనిషినే.

దిక్సూచి మేడమ్. పిల్లలు పెట్టిన పేరు. ప్రిన్సిపాల్ కాకముందు పంతొమ్మిదేళ్ళు భూగోళం చెప్పింది, బోర్డు మీద ఖండాలన్నీ చూడకుండా గీసేది, క్లాసు వైపు తిరిగి మాట్లాడుతూనే వెనక చెయ్యి తీరరేఖ గీసుకుంటూ పోయేది, పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు, ఆ నోళ్ళు చూడటం తనకి ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు గానీ చాలా ఇష్టం. ప్రిన్సిపాల్ అయ్యాక కూడా ఆరో తరగతికి మొదటి పాఠం తనే చెప్పేది, ప్రతి ఏడూ అదే పాఠం. మ్యాపు చేతికి రాగానే ఊళ్ళ కోసం వెతక్కండి, ముందు గీసినవాడు ఎటు తిరిగి నిలబడ్డాడో అడగండి, అది తెలియకపోతే మీరు కుడివైపుకి బయల్దేరి ఎడమవైపున తేలతారు. ఎన్ని వందల మందికి చెప్పి ఉంటుంది. రెండో బెంచీలో కూర్చుని ఆ అమ్మాయి కూడా విన్నది, పదకొండేళ్ళప్పుడు, విని పుస్తకంలో రాసుకుంది, రాసుకోవడం తను చూసింది.

రెండేళ్ళ కిందట, కెమిస్ట్రీ పరీక్ష. పిల్లలంతా వెళ్ళిపోయాక హాల్లో బెంచీలు సర్దిస్తున్న డ్రిల్లు మాస్టారికి ఒక బెంచీ అరలో మడతపెట్టిన చీటీ దొరికింది, చీమ తలకాయలంత అక్షరాలతో ఫార్ములాలు. ఆయన బోర్డు దగ్గర నిలబడి, ఎడమ నుంచి రెండో వరస, నాలుగో బెంచీ అని ఒక కాగితం మీద రాసి, చీటీతో కలిపి పిన్ను కొట్టి తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఆయన తప్పేం లేదు, నిలబడ్డచోట నుంచి చూసింది చూసినట్టు రాశాడు. హాలు గుమ్మానికి అంటించిన సీట్ల చార్టు తెప్పించింది తను. ఆ చార్టు పిల్లలు లోపలికొచ్చి తమ చోటు వెతుక్కోవడానికి గీసింది, బోర్డు వైపు మొహం పెట్టి నడిచేవాళ్ళ కోసం. మాస్టారు బోర్డుకి వీపు పెట్టి చూశాడు. ఒక్కసారి చార్టు తిప్పి చూస్తే సరిపోయేది. తిప్పలేదు. వేలు పెట్టి ఒకటి, రెండు, ముందు నుంచి నాలుగు అని లెక్కపెట్టింది, వేలి కింద ఆ పిల్ల నంబరు ఉంది, ఓహో నువ్వా అనుకుంది. అనుకోవడానికి ఎంతసేపు పడుతుంది, ఆ నువ్వా అనుకోవడంలో ఒక చిన్న సంతోషం కూడా ఉండింది, దొంగ దొరికిన సంతోషం.

మైకు కీచుమంది. పెద్దాయన దాన్ని అరచేత్తో రెండు దెబ్బలేసి, విద్యార్థులారా అన్నాడు, మొదటి అంతస్తు స్లాబు వేసిన రోజు వర్షం వచ్చిందన్నాడు. అప్పుడు కూడా వర్షమే. ఆ అమ్మాయి తండ్రి వచ్చిన రోజు. గొడుగు బయట గోడకి ఆనించి, కాళ్ళు గుమ్మం దగ్గర గోనెపట్టా మీద నాలుగుసార్లు తుడుచుకుని లోపలికొచ్చాడు, చొక్కా కాలరు మీద రంపపు పొట్టు అలాగే ఉంది. కలప కోసే మిల్లులో పని, ఇరవై ఏళ్ళు ఆ రంపం పక్కనే నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. తను మెల్లగానే మొదలుపెట్టింది, పిల్ల పరువు పోకూడదని, చూడండి మీ అమ్మాయి పరీక్షలో, అని. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టి ముందుకి వంగాడు. మళ్ళీ చెప్పింది. ఇంకాస్త వంగాడు, బల్ల మీదికి వచ్చేంతగా. మూడోసారి తనకి విసుగొచ్చింది, గొంతెత్తి, మీ అమ్మాయి కాపీ కొట్టిందండీ, చీటీ దొరికింది అని అరిచింది, ఆ అరుపు వరండా చివర దాకా పోయింది, పక్కన ఎనిమిదో తరగతిలో పాఠం ఆగిపోయింది, తలుపు సందులో తలకాయలు. ఆయన చెయ్యి కిందికి దిగింది. పక్కన నిలబడ్డ కూతురి వైపు తిరిగి, చేశావా అని అడిగాడు. లేదు నాన్నా అంది. ఆయన ఇటు తిరిగి, చేయలేదంటోంది మేడమ్ అన్నాడు, అంతే, ఇంకేమీ లేదు, చేయలేదంది కాబట్టి చేయలేదు అన్నట్టు. ప్రతి తల్లీ తండ్రీ ఇలాగే అంటారండీ అంది తను. అది మాత్రం అరవలేదు, మెల్లగా అంది, ఆయనకి వినపడి ఉండదు, కూతురికి వినపడింది.

క్షమాపణ ఉత్తరం రాసిస్తే మిగతా పరీక్షలు రాయనిస్తానంది. తనే చెప్పింది, ఆ పిల్ల రాసింది, మొదటి పెన్ను నిజంగానే ఆగిపోయింది, రెండోది తీసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. కన్నీళ్ళు కూడా పెట్టుకోలేదు, అదొక మొండితనమని అప్పట్లో అనిపించింది. అంతా రాశాక తలెత్తి, తారీఖు కూడా వెయ్యమంటారా మేడమ్ అని అడిగింది. వెయ్యి అంది తను. వేసింది. ఆ ఉత్తరం తన సొరుగులోనే ఉంది, కింది సొరుగులో, ఎడమవైపు, ఈ ఎడమా కుడీ తనని చచ్చేదాకా వదలవేమో. ప్రవర్తన రిజిస్టర్లో ఆ ఏడాది గడిలో తనే రాసింది, తృప్తికరం అని. వినడానికి బాగానే ఉంటుంది ఆ మాట, బయటివాళ్ళకి. స్కూళ్ళు నడిపేవాళ్ళకి మాత్రం దాని అర్థం వేరు, చాలా మంచిది అని లేదంటే ఏదో జరిగిందని, రేపు ఏ కాలేజీ వాళ్ళు చూసినా ఒకసారి కళ్ళద్దాలు సవరించుకుని పిల్ల మొహంలోకి చూస్తారు.

"పరీక్ష హాలుకి రెండు చార్టులు పెట్టిన మొదటి స్కూలు మనది," అంటున్నాడు పెద్దాయన. ప్రిన్సిపాల్ మేడమ్ ఉలిక్కిపడింది. ఆయన చెయ్యి తన వైపే చాపి ఉంది, పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. "గుమ్మం దగ్గర ఒకటి, బోర్డు దగ్గర ఒకటి. ఎవరు ఎటు నిలబడి చూసినా పొరపాటు రాకూడదని మన ప్రిన్సిపాల్ మేడమ్ చేసిన ఆలోచన. ఇప్పుడు మిగతా స్కూళ్ళు మనల్ని చూసి నేర్చుకుంటున్నాయి. నిజాయితీ అన్నా, పద్ధతి అన్నా మన మేడమ్ తర్వాతే ఎవరైనా."

లేచి చేతులు జోడించాలి, లేచింది, జోడించింది, కూర్చుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాగితంలో పెట్టుకుంది. ఆలోచన తనది కాదు, అటెండరుది. ఆ పరీక్షలయిన మూడు నెలలకి, తర్వాతి పరీక్షలప్పుడు, బంక డబ్బా ఒక చేత్తో చార్టు ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు ముసలాయన, "మేడమ్, దీన్ని బోర్డు పక్కన కూడా ఒకటి అంటించమంటారా? అటు నిలబడ్డవాళ్ళకి కుడి ఎడమలు తారుమారవుతున్నాయి, హాజరు వేసేటప్పుడు అందరూ తికమకపడుతున్నారు," అన్నాడు. రెండు అంటించు అంది. ఆయన వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు వరండాలో పోయేదాకా ఆగి, తలుపు వేసి, ఫైలు తీసి, పాత చార్టు టేబుల్ మీద పరిచి, తలకిందులుగా తిప్పి, డ్రిల్లు మాస్టారి కాగితం పక్కన పెట్టుకుని వేలు పెట్టింది. ఒకటి, రెండు, నాలుగు. వేలి కింద వేరే నంబరు. ఒక కుర్రాడు, వాడు అప్పటికే తండ్రికి బదిలీ అయి ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. మళ్ళీ లెక్కపెట్టింది, ఆరుసార్లు, అంకెలు మారతాయేమోనని. చార్టుల తప్పు ఆ రోజే దిద్దేసింది, సాయంత్రానికల్లా ప్రతి హాల్లోనూ రెండేసి. పిల్ల సంగతి మర్నాడు చూద్దాంలే అనుకుంది. అది ఏం మర్నాడో, ఏడాదీ తొమ్మిది నెలలైంది.

ఎవరూ ఆపలేదు. అదే తన గొంతులో దిగనిది. కమిటీ ఏమన్నా అంటుందనా, అనదు, పెద్దాయనకి పునాదులూ స్లాబులూ తప్ప ఇంకేం పట్టవు. తల్లిదండ్రులు గొడవ చేస్తారనా, ఆ తండ్రి గొడవ చేసే మనిషే కాదు. మొదటి వారం ఇన్స్పెక్షన్ ఉంది కదా అనుకుంది, అయ్యాక చెబుదామనుకుంది, ఇన్స్పెక్షన్ అయింది. సెలవులొచ్చాయి. సెలవులయ్యాక పిల్ల మామూలుగానే తిరుగుతోంది, మంచి మార్కులే వస్తున్నాయి, ఇప్పుడు తవ్వి తీస్తే దానికే బాధ అనుకుంది, దానికే బాధ అని ఎంత తీయగా అనుకుందో. నిజం ఏమిటంటే దిక్సూచి మేడమ్ మ్యాపు తప్పుగా చదివిందని పిల్లలు నవ్వుతారని భయం. అంతకన్నా పెద్ద కారణం కోసం రాత్రుళ్ళు వెతికింది, కాస్త గౌరవంగా ఉండే కారణం ఏదైనా, దొరకలేదు. పిల్లలు నవ్వుతారని. అరవైకి దగ్గర పడిన మనిషి.

అక్కకి ఫోన్లో చెప్పింది ఒకసారి, అదీ ఎవరో వేరే స్కూల్లో జరిగినట్టు. అక్క అంతా విని, "ఆ ప్రిన్సిపాల్ నువ్వేనా ఏంటే?" అంది. కాదు కాదు అంది తను. "ఏమోనే తల్లీ, చిన్నప్పుడు తప్పు ఒప్పుకోమంటే కడుపునొప్పి అని పడుకునేదానివి," అని నవ్వింది అక్క. నిజమే. నాన్న కళ్ళజోడు కుర్చీలో ఉంటే చూసుకోకుండా కూర్చుంది, పటుక్కున విరిగింది, ఎనిమిదేళ్ళు అప్పుడు. నాన్న వచ్చి ఎవరని అడిగితే తను కడుపునొప్పి అని దుప్పటి కప్పుకుంది, నాన్న అక్క చెంప మీద కొట్టాడు, పెద్దదానివి కదా చూసుకోవద్దా అని. దుప్పటి లోపల ఆ చప్పుడు వింది. నెల తర్వాత అమ్మ ద్వారా నాన్నకి అసలు సంగతి తెలిసింది, తెలిసి ఒక్క మాట అనలేదు, ఇద్దరిలో ఎవర్నీ, సాయంత్రం రంగు పెన్సిళ్ళ డబ్బా తెచ్చి అక్క పుస్తకాల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఇరవై నాలుగు రంగులు. అక్కకి బొమ్మలు రావు. నువ్వే తీసుకోవే అని ఇచ్చేసింది. సిగ్గు లేకుండా తీసుకుంది తను. తన మొదటి సముద్రాలన్నీ ఆ నీలంతో వేసినవే, ఎడారులన్నీ ఆ పసుపుతో, భూగోళంలో మొదటి బహుమతి ఆ పెన్సిళ్ళతో గీసిన మ్యాపుకే వచ్చింది. తలుచుకుంటే తన చదువంతా, ఉద్యోగమంతా, ఈ స్టేజి మీది ఎత్తు కుర్చీ కూడా, అక్క తిన్న చెంపదెబ్బ మీద నిలబడింది. అక్క అదెప్పుడో మర్చిపోయానంటుంది. కానీ ఏ చెంపో అడిగితే వెంటనే చెప్పింది.

నాన్న పెన్సిళ్ళు తెచ్చాడు, తను తాళం ఇచ్చింది. అచ్చం నాన్న కూతురే. లైబ్రరీ తాళంచెవి, ఎప్పుడూ పై తరగతి వాళ్ళకి తప్ప ఇవ్వనిది, ఆ అమ్మాయిని గదికి పిలిచి, నువ్వు చాలా బాధ్యత గల పిల్లవమ్మా, ఇక నుంచి లైబ్రరీ నువ్వు చూసుకో అని చేతిలో పెట్టింది. ఇచ్చేటప్పుడు తన గొంతు తనకే జిగటగా వినిపించింది. ఆ అమ్మాయి తాళంచెవిని చూసింది, తన మొహం చూసింది, కాస్త ఎక్కువసేపే చూసింది. నెల తిరక్కుండా తెచ్చి టేబుల్ మీద పెట్టేసింది. "వద్దు మేడమ్. ఏదైనా పుస్తకం కనపడకపోతే మళ్ళీ నా మీదకే వస్తుంది." మళ్ళీ అన్న మాట వాడింది. కోపంగా అనలేదు, వాన పడేట్టుంది గొడుగు తెచ్చుకుంటా అన్నట్టు అంది. అప్పుడైనా చెప్పాల్సింది. నోటి దాకా వచ్చింది. సరేలేమ్మా, చదువు మీద శ్రద్ధ పెట్టు అంది.

పెద్దాయన పై అంతస్తుకి చేరుకున్నాడు. ఇంకెంతోసేపు లేదు, రంగులు వేయడం ఒక్కటే మిగిలింది. ఇవాళ దాటితే ఇక ఏ రోజూ లేదు, ఇంకో గంటకి ఆ రెండు పెన్నులూ గేటు దాటి వెళ్ళిపోతాయి, తర్వాత తను ఎవరికి చెబుతుంది, ఆ తండ్రికి ఎక్కడని చెబుతుంది. పొద్దున్న ఏడింటికే స్కూలుకొచ్చి ఒక పని చేసింది. నలభై ఒకటో సర్టిఫికెట్ కట్టలోంచి తీసి చింపేసి, కొత్త ఫారం మీద తన చేత్తో రాసింది, ప్రవర్తన: చాలా మంచిది. రిజిస్టర్ ముట్టుకోలేదు, దానిలో ప్రతి ఏడాది గడి కిందా కమిటీ సంతకమూ ఇన్స్పెక్టర్ సంతకమూ ఉంటాయి, దిద్దాలంటే పక్కన కారణం రాయాలి. కారణం ఏమని రాస్తుంది. సర్టిఫికెట్ మీద సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చుంటే ప్రాణం తేలికపడింది, ఇంత సులువా, ఇన్నాళ్ళు ఎందుకు చెయ్యలేదూ అనిపించింది. ఇక మిగిలింది చెవిలో మాట. అదీ ఇప్పుడే, ఈ క్షణంలో, పెద్దాయన కిటికీలకి ఆకుపచ్చ రంగు వేయిస్తుండగా తట్టింది. చెవిలో చెప్పేస్తే సరి. ఆ రోజు తప్పు నాదమ్మా అని. ఎవరికీ వినపడదు, ఆ అమ్మాయికి వినపడుతుంది, పద్ధతి ప్రకారం ఆ మాట బయటికి పోదు కూడా. ఇంత చక్కని ఏర్పాటు పదకొండేళ్ళ కిందట తనే చేసిపెట్టుకుంది. గుండె మీంచి బండరాయి దింపినట్టు ఊపిరి పీల్చుకుని తలెత్తింది, హాలు చివర తల్లిదండ్రుల వరసల్లో, ఆఖరి వరసలో, తలుపు పక్కన, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఆ అమ్మాయి తండ్రి కనిపించాడు. పెద్దాయన ఏం చెబుతున్నాడో అందుకోవాలని చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాడు. అందరూ ఆవలిస్తున్నారు, ఆయనొక్కడే వింటున్నాడు.

తన వంతు వచ్చింది. ఏం మాట్లాడిందో తనకే తెలియదు, నోటికి ముప్ఫై ఏళ్ళ అలవాటు ఉంది, అదే మాట్లాడుకుపోయింది, ఈ గోడలు మిమ్మల్ని మర్చిపోవు అంది, తప్పు చేయని మనిషి ఉండడు, చేసిన తప్పు ఒప్పుకునేవాడే మనిషి అంది, ప్రతి ఏడూ అనేదే, ఆ వాక్యం దగ్గర ప్రతి ఏడూ చప్పట్లు వస్తాయి, ఈ ఏడూ వచ్చాయి. రెండో వరస నాలుగో కుర్చీ వైపు చూడలేదు. తర్వాత రిబ్బను విప్పారు, పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కొక్కరు వస్తున్నారు, ఒక్కొక్కరి చెవిలో ఒక్కో మాట పడుతోంది, ఒకడు నవ్వాడు, ఒకమ్మాయి భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఇరవై, ముప్ఫై, సబ్బు వాసనలు, కొత్త బట్టల వాసనలు, ఎవడో నోట్లో చూయింగ్ గమ్ తోనే వచ్చాడు, ముప్ఫై తొమ్మిది, నలభై.

ఆ అమ్మాయి మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడింది. ఇప్పుడు తన కన్నా రెండంగుళాలు ఎత్తు, చెవి అందుకోవడానికి తనే మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చింది.

"ఆ రోజు తప్పు నాదేనమ్మా. చీటీ నీది కాదు. నన్ను క్షమించు."

"తెలుసు మేడమ్," అంది ఆ అమ్మాయి, అంతే మెల్లగా.

"ఎప్పట్నించి?"

"లైబ్రరీ తాళం ఇచ్చారు కదా. అప్పట్నించి."

సర్టిఫికెట్ ఇద్దరి చేతుల్లోనూ ఉంది. ఆ అమ్మాయి కళ్ళు దాని మీదకి దిగాయి, ప్రవర్తన దగ్గర ఆగాయి. "ఇది మార్చారా?" అంది. మార్చానమ్మా అంది తను, ఆ మార్చానమ్మాలో ఎంత ఆశ పెట్టుకుందో దేవుడికే తెలుసు. "మరి రిజిస్టర్లో?" ఆవిడ చూపు బల్ల మీది రిబ్బను వైపు తిరిగింది. "అక్కడ తృప్తికరం అని ఉండి, ఇక్కడ ఇలా ఉంటే, రేపు ఎవరైనా సరిచూస్తే నేనే దిద్దుకున్నానంటారు మేడమ్. పాతదే ఇచ్చెయ్యండి, పర్లేదు."

పాతది ముక్కలై చెత్తబుట్టలో ఉంది. కింద మిగతా నలభై మూడు మందీ చూస్తున్నారు, పేర్లు పిలిచే టీచరు గొంతు సవరించుకుంది, పెద్దాయన గడియారం చూసుకున్నాడు. తల కొట్టేసినట్టయింది, కానీ ఈసారి దుప్పటి లేదు కప్పుకోవడానికి, కడుపునొప్పి అంటే నమ్మే అమ్మ లేదు. ఆ అమ్మాయి సర్టిఫికెట్ వదల్లేదు, లాక్కోనూ లేదు. హాలు చివరికి ఒకసారి చూసి, మళ్ళీ తన వైపు తిరిగింది.

"మా నాన్న వచ్చారు మేడమ్. ఆయనకి చెవిలో చెబితే వినపడదు."

అడగలేదు. అడిగినట్టు కూడా అనలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ మైకు దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళ కిందట, అంది. మైకు కీచుమంది, పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. రెండేళ్ళ కిందట కెమిస్ట్రీ పరీక్షలో చీటీ దొరికిందని ఈ అమ్మాయికి శిక్ష వేశాను, అంది. నవ్వు ఆగిపోయింది. చీటీ ఈ అమ్మాయిది కాదు. సీట్ల చార్టు నేను తప్పుగా చూశాను, కుడి ఎడమలు తారుమారు చేసుకున్నాను, మూడు నెలలకే నాకు తెలిసింది, తెలిసీ ఇవాళ్టి దాకా దాచాను. చేయని తప్పుకి ఈ అమ్మాయి చేత ఉత్తరం రాయించాను. రేపు రిజిస్టర్లో దిద్ది, పక్కన కారణం రాసి, కమిటీ చేత సంతకం పెట్టిస్తాను. ఎక్కడో ఒక కుర్రగొంతు, దిక్సూచి మేడమా అంది, ఆశ్చర్యంగా, ఇంకెవరో నవ్వారు, చిన్న నవ్వే, ఇన్నాళ్ళూ భయపడిన ఆ నవ్వు వచ్చేసింది, చెంప మీద పడ్డట్టే ఉంది. పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు.

హాలు చివర ఆ తండ్రి లేచి నిలబడ్డాడు. అందరూ తిరిగి తన కూతుర్ని చూస్తున్నారని తెలిసింది గానీ ఎందుకో తెలియలేదు, మొహంలో కంగారు, ఆ రోజు ఆఫీసు గదిలో ఉన్న కంగారే. ముందు వరసల మీదుగా మెడ చాపి, చెవి వెనక చెయ్యి పెట్టాడు. మైకులో మాట ఆయన దాకా గరగరగా పోతోంది కాబోలు. ఆవిడ మైకు పక్కకి జరిపేసింది. స్టేజి చివరికి నడిచింది, మెట్లు దిగింది, వరసల మధ్య సగం దూరం వచ్చింది. గొంతెత్తింది. ఇది తన గొంతేనా అనిపించేంత, వరండా చివర దాకా, ఎనిమిదో తరగతి దాకా పోయేంత.

"మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదండీ! తప్పు నాది!"

ఆయన ఇంకాస్త వంగాడు. ఆవిడ ఇంకో నాలుగు అడుగులు వేసి, ఆ చెయ్యి చెవి వెనక నుంచి కిందికి దిగేదాకా, మళ్ళీ మొదట్నించీ చెప్పింది.